ద్రాక్షారామమునకు సైకిలుమీద: మా సన్నాహము

యాత్రలను గూర్చి వ్రాయువారు సాధారణముగా బయలుదేరిన దినముతో మొదలుపెట్టి ఇల్లు చేరిన దినముతో ముగింతురు. మేము వ్రాయదలచినది ముఖ్యముగా బయలుదేరుటకు ముందటి మూడు మాసముల సంగతి. రాజమహేంద్రవరమునుండి ద్రాక్షారామము, అచ్చటినుండి కాకినాడ మీదుగా సామర్లకోట, సామర్లకోటనుండి బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి, కడియముల మీదుగా మరల రాజమహేంద్రవరము. ఇది మా మార్గము. దినమునకు సుమారు 50 కిలోమీటర్ల వంతున మూడు దినములు. మొత్తము 145 కిలోమీటర్లకు అటునిటుగా నుండును. మా కుర్రవాండ్రకు ఇది పెద్ద దూరము కాదు. ప్రపంచమున సైకిలు సంఘములవారు 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించు పరీక్షలు పెట్టుకొందురని విన్నాము. మాకట్టి తొందర లేదు.

బస్సులో పోయి సాయంకాలమునకు తిరిగిరాదగిన ఈ క్షేత్రములకు సైకిళ్లేల యని మమ్మనేకు లడిగిరి. సోదరీమణులును అడుగకపోరు. పెండ్లినాడు పుట్టింట విడిచివచ్చిన వస్తువులలో సైకిలొకటి. మేము చదివిన పద్యములు మా వెంట వచ్చినవి. నేర్చిన వంట వచ్చినది. సైకిలు మాత్రము తమ్ముని పాలబడినది. బీహారు ప్రభుత్వము 2006లో ఆడపిల్లలకు బడికి పోవుటకై సైకిళ్లిచ్చు పద్ధతి ప్రారంభించినది. తరువాత మన ప్రాంతమునను బడిపిల్లలకు సైకిళ్లిచ్చిరి. మా వీధిలోనే అట్టి సైకిళ్లు మూడు గలవు. పదవ తరగతి ముగిసిన వెంటనే ఆ మూడును అన్నదమ్ములకు పాలు తెచ్చు వాహనములైనవి. పిల్ల కాలు మరచిపోలేదు, ఎక్కు సందర్భమే లేదు. ఆ సందర్భమును కల్పించుకొనుటయే మా యుద్దేశము.

మేము నలుగురము. ఇది వ్రాయుచున్న మాకు ముప్పదియారేండ్లు. ఇంటివద్ద తాతగారి సన్నిధిని భారత భాగవతములు చదువుకొన్న చదువే కాని కళాశాల మెట్లెక్కినవారము కాము. మా వారు బడిలో భూగోళము బోధింతురు. మా తోడికోడలొకతె, పొరుగింటి వదినగారొకరు, ఆమె ఆశా కార్యకర్త, నాల్గవది మా ఆడపడుచు కూతురు, బి.యస్సీ. చదువుచున్నది. సైకిళ్లును నాలుగు విధములు. పిల్లది గేర్లుగల తేలికదానిని తెచ్చుకొన్నది. తక్కిన మూడును మన యూళ్లలో కనబడు నల్లని యినుప బండ్లే. ఒక్కొక్కటి సుమారు 20 కిలోలు తూగును. వాటిని మార్చుటకు మాకు ధనము లేదు. మార్చవలసిన అవసరమును కనబడలేదు. డెల్టాభూమి బల్లపరుపుగా నుండును గనుక బరువైన బండి కదలువరకే కష్టము, కదలినపిదప దాని దారిని అది పోవును.

మార్చవలసినది సీటు ఎత్తు. మన స్త్రీలు పడిపోదుమను భయముచేత రెండు పాదములును నేలకానునట్లు సీటును దింపుకొందురు. వీధి చివరి వరకు పోవుటకు ఇది చాలును. పది కిలోమీటర్లు దాటినచో మోకాళ్లు ముందువైపున సలుపసాగును. ఏలయన కాలు ఎన్నడును సాగదు, మోకాలు ముడిచియే బరువును త్రొక్కవలసివచ్చును. సరియైన కొలత యేదనగా, సీటుపై కూర్చుండి, పెడలును అట్టడుగునకు దింపి, దానిపై మడమ నుంచినప్పుడు కాలు తిన్నగా నిలువవలెను. పిదప మునివ్రేళ్ల మొదటి భాగముతో త్రొక్కినప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. ఇట్లు అమర్చినచో నేలకు పాదమంతయు ఆనదు. ఆగునప్పుడు సీటు దిగి నిలువవలసియుండును. ఈ దిగుటను, ఎక్కుటను మేము బడి ఆటస్థలమున వారము దినములు సాధన చేసితిమి. చూడవచ్చిన పిల్లలు మొదటి దినమున నవ్విరి, రెండవ దినమున సలహాలు చెప్పిరి, మూడవ దినమున రాలేదు.

వస్త్రముల విషయమున మాలో మాకే వాదము నడిచినది. తోడికోడలు చీర విడువనన్నది. చీరతో పోవరాదని లేదు. చెయినుకు పూర్తి మూత, వెనుక చక్రమునకు చీర చిక్కకుండ వల ఉన్నచో మన తల్లులు పోవుచునే యుండిరి. కాని మూడు నాలుగు గంటలు ఏకధాటిగ త్రొక్కునప్పుడు కుచ్చెళ్ల బరువు, లోపావడా ముడి, తొడలమధ్య ఒరిపిడి ఇవన్నియు లెక్కకు వచ్చును. 1894లో ఆనీ లండన్‌డెరీ యను నామె భూప్రదక్షిణమునకని అమెరికాలోని బోస్టనునుండి పొడుగు పావడాతో, 19 కిలోల స్త్రీల సైకిలుపై బయలుదేరెను. షికాగో చేరునప్పటికి ఆమెకు తత్త్వము తెలిసి, అందులో సగము బరువున్న పురుషుల సైకిలును, కాళ్లకు విడివిడిగ నుండు దుస్తులను గ్రహించెను. ఈ కథ విని తోడికోడలు రెండు దినములు మాటలాడలేదు. మూడవ దినమున చుడీదారు కుట్టించుకొనుటకు గుడ్డ తెచ్చినది. లోవస్త్రములు మెత్తని నూలువి, కూర్చుండు చోట దళసరి కుట్టు లేనివి కావలెను. ఒరిపిడి కలుగుచోట ముందుగనే కొబ్బరినూనె రాచుకొనవలెను. మండిన తరువాత రాచుకొనిన లాభము స్వల్పము. నెలసరి దినములు ప్రయాణముతో కలియునేమోయని లెక్కలు కట్టి కట్టి విసిగితిమి. పిల్లది, "కలిస్తే కలవనీ అత్తా, సంచిలో రెండు పొట్లాలు ఎక్కువ పెట్టుకుందాం" అని ఆ చర్చను ముగించినది.

భాద్రపద బహుళమున అభ్యాసము మొదలుపెట్టితిమి. వారమునకు మూడు ఉదయములు. నడుమ దినములలో విశ్రాంతి. మొదటి వారము 5 కిలోమీటర్లు. తరువాత ధవళేశ్వరమునకు పోయిరాక, 15. పిమ్మట కడియము వరకు, 30. కార్తికమున ఆదివారమునకొక పర్యాయము ద్వారపూడి వరకు పోయి వచ్చితిమి, అది 40. ఒక దినమున 40 త్రొక్కి, మరునాడు యథావిధిగ ఇంటిపని చేసికొనగలిగిన దేహము 50 త్రొక్కగలదు. అభ్యాసమునకు అంతకుమించిన రహస్యము లేదు. కష్టము దూరమున లేదు, వేళలో నున్నది. తెల్లవారుజామున 5 మొదలు 8 వరకు గృహిణికి సొంతమైన గడియ యేది? పాలు కాచుట, పిల్లల బడి, మామగారి మందు, మడినీళ్లు, అన్నియు ఆ మూడు గంటలలోనే పడును. మా యింట మా వారు పాలు కాచుట నేర్చిరి. కాఫీ కషాయము మాత్రము ఇప్పటికిని నల్లని మందువలెనే యున్నదని మామగారి అభిప్రాయము. వదినగారి యింట అట్లు నేర్చువారు లేరు. ఆమె మూడున్నరకే లేచి వంట ముగించి వచ్చెడిది. నలుగురిలో ఎక్కువ దూరము పోయినది ఆమెయే యని మా యెన్నిక.

ధవళేశ్వరపు ఉదయములను గూర్చి వ్రాయక విడువజాలము. ఊరి సందులు దాటి గట్టెక్కినంతనే గోదావరి కనబడును. ఆవలి యొడ్డు మంచులో కలిసిపోయి నీరే ఆకాశమువలె నుండును. 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట ఒక్క గోడ కాదు; ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు, నడుమ లంకలు. ఆ పాత ఆనకట్ట స్థానమున నిప్పుడు బారేజి నిలిచియున్నది. కాటన్ దొర విగ్రహములకు మన రైతులు నేటికిని దండలు వేయుదురు. మేమును ఒకనాడు నాలుగు బంతిపూలు పెట్టితిమి. మా కారణము వేరు. కాలువలో నీరు తనంతట తాను ప్రవహింపవలెనన్న, కిలోమీటరుకు కిలోమీటరు అతిస్వల్పమైన వాలుతో దానిని త్రవ్వవలెను. ఎక్కడను ఎక్కరాదు, దబ్బున దిగరాదు. దిగవలసిన చోట లాకు కట్టి అచ్చటనే దింపుదురు. కాలువ యెట్లో గట్టును అట్లే. ఆ గట్టుమీది బాట సైకిలు త్రొక్కువారికై ముందుగనే కొలిచి వేసినట్లుండును. వంతెనల యొద్ద, లాకుల యొద్ద తప్ప పెడలు బరువెక్కదు. ఒక ప్రక్క నిండుకాలువ, రెండవ ప్రక్క పొట్టకు వచ్చిన వరి. కడియపులంక దగ్గరకు వచ్చుసరికి వరి మాయమై మొక్కల తోటలు మొదలగును. గులాబి, మందార, క్రోటను మొక్కలు కుండీలలో బారులు తీరి పెండ్లివారివలె నిలిచియుండును. ఆ తోటలలో పనికి పోవు స్త్రీలు ఆరు గంటలకే గట్టుపై నడచుచుందురు. వారు మమ్ము చూచి నవ్వలేదు. "ఎందాకా అమ్మా?" అని యడిగి, ద్రాక్షారామమని చెప్పగా, "నీళ్లు పెట్టుకున్నారా?" అనిరి.

ఆ ప్రశ్నయే మా సన్నాహమునకంతకును కేంద్రమైనది. నిజమునకు దానిని మొదట అడిగినవారు మా అత్తగారు. ఆమెకు డెబ్బది దాటినవి. మేము సంగతి చెప్పిననాడు ఆమె, "మూడు రోజులు రోడ్డుమీద ఆడవాళ్లు ఎక్కడుంటారే?" అనిరి. ద్రాక్షారామమున బంధువుల యిల్లున్నదనియు, సామర్లకోటలో వదినగారి అక్క యున్నదనియు మేము విన్నవించితిమి. "రాత్రికి ఇల్లుంది, సరే. నేనడిగింది పగటి మాట" అనిరి. మేము మారుపలుకలేదు. పిదప ఆమె చెప్పిన మాటలు మా వంశమున నెవ్వరును విననివి. ప్రయాణమన్నచో ముందటి రాత్రినుండి నీరు ముట్టకుండుట ఆమెకు అలవాటట. పెండ్లిండ్లకు పోయినను, పుష్కరములకు పోయినను అంతే. "కాశీకి తీసుకెళ్లారు మీ మామగారు. గంగ బాగానే ఉందమ్మా. నాకు గుర్తున్నది మటుకు ఆ రైల్లో దాహం" అనిరి.

వదినగారు దీనిని విని ఆశ్చర్యపడలేదు. తన పనిలో దినదినమును చూచునదే యట. పొలములకు పోవువారు, బజారున పూలమ్మువారు, పాఠములు చెప్పు ఉపాధ్యాయినులు, వీరిలో ననేకులు లఘుశంకకు చోటులేక నీరు త్రాగుట మానుకొందురు. స్త్రీలకు మూత్రనాళము పొట్టిది. నీరు తక్కువై, బలవంతముగ నాపుకొనుట తోడైనచో అచ్చట జబ్బు త్వరగా చేరును. చలికాలమైనను సైకిలు త్రొక్కువారికి చెమట పట్టక మానదు; గంటకు అర లీటరు వంతున త్రాగవలెనని మేము నియమము పెట్టుకొంటిమి. ఆరు గంటల ప్రయాణమునకు మూడు లీటర్లు. త్రాగుట యెంత నియమమో విడుచుట అంత నియమము. కావున ప్రతి గంటన్నర దూరమునకు ఒక చోటు కావలెను. మా వారు మాకై యొక చక్కని పటము గీచియిచ్చిరి. కాలువలు నీలముతో, రోడ్లు ఎఱ్ఱసిరాతో, రైలుమార్గము నల్లని గళ్లతో, ఉత్తరదిక్కు బాణముతో సహా. మాకు కావలసినది అందులో నొక్కటియు లేదు.

కాబట్టి మేమొక నోటుపుస్తకమున గళ్లు గీచితిమి. ఊరు, దూరము, తలుపు, గడియ, నీరు, తాళపుచెవి యెవరియొద్ద నుండును. ద్వారపూడి వరకు సైకిలుపైననే చూచితిమి. ఆవలి మండపేట, రామచంద్రపురముల దారిని, కాకినాడ దారిని రెండు ఆదివారములు బస్సులో పోయి మధ్య మధ్య దిగి విచారించితిమి. ఈ విచారణలో మాకు కలిగిన యనుభవములు పురాణమగును. ఒక పెట్రోలు బంకున స్త్రీలకని పెద్ద అక్షరములతో బోర్డున్నది. తలుపునకు తాళమున్నది. కుర్రవానిని అడుగగా, "తాళం ఓనరుగారి దగ్గరుందండి, ఆయన వైజాగులో ఉంటారండి ఆయ్" అని వినయముతో చెప్పెను. మరియొక చోట తలుపు తెరచియేయున్నది, లోపల నూనెడబ్బాలు నిండియున్నవి. బడులలో ఆడపిల్లల మరుగుదొడ్లుండును గాని ఆదివారమున, సెలవులలో గేటు మూసియుందురు. దేవాలయములలో కొన్నిచోట్ల బాగుగనే యున్నవి. బస్సుస్టాండులలోను రైలుస్టేషనులలోను తలుపుండుట రూఢి. తక్కిన గళ్లకు మాత్రము చూచి గుర్తు పెట్టవలసినదే. మూడు వారముల తిరుగుటకు పుస్తకమున పదునొకండు స్థలములు చేరినవి, కాని మండపేట దాటిన పిదప పది పన్నెండు కిలోమీటర్ల మేర ఒక్కటియు లేదు. అప్పుడు వదినగారు తమ ఫోను తీసిరి. 2005లో మొదలైన ఆరోగ్య పథకమున వెయ్యిమంది జనాభాకొక ఆశా కార్యకర్త నేర్పరచిరి గదా. ఏ యూరికి పోయినను తమ తోటివారొక రుందురని ఆమె ధైర్యము. ఎవరి ద్వారానో ఎవరినో విచారించి, రెండు పల్లెలలో ఇద్దరు స్త్రీల ఇండ్లు నిశ్చయించిరి. వారిలో నొకామె, "ఒక్క నిమిషం ఆగి టీ తాగకుండా వెళితే మాత్రం ఊరుకోను" అన్నదట. పుస్తకము నిండినది.

తమిళనాడున పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకపు తొలియేండ్లలో అక్షరాస్యతోద్యమముతోబాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. రాళ్లు కొట్టువారు, కూలికి పోవువారు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పల్లె నర్సులు. చదువు చెప్పించినవారే సైకిలును నేర్పించిరి. రాకపోకలకు ఒకరి దయ కోరనక్కరలేని స్త్రీకే చదువు నిలుచునని వారి తలంపు. ఆ నర్సులును ఇట్టి పుస్తకమును మనసులోనైన వ్రాసికొనియే యుందురని వదినగారు అనిరి.

తరువాతి పని పంక్చరు వేయుట. దీనిని మా పెరటిలో ఇత్తడి గంగాళము చుట్టును కూర్చుండి నేర్చితిమి. వీధి చివరి సైకిలు షాపు మేస్త్రీ గురువు. టైరు ఊడదీసి, ట్యూబులో గాలి నింపి నీటిలో ముంచినచో చిల్లున్నచోట బుడగలు వచ్చును. ఆ చోటు తుడిచి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పలుచగా పూసి, తడి యారి వ్రేలికి జిగురు తగులువరకు ఆగవలెను. అందరును త్వరపడు చోటిదియేనని మేస్త్రీ చెప్పెను. తడిగా నున్నప్పుడే రబ్బరు ముక్క నతికించినచో అది ఊడివచ్చును. వడియములు ఆరువరకు ఆగు ఆడవారికి ఈ ఓపిక నేర్పనక్కరలేదని ఆయనయే మరల అనెను. ట్యూబును మరల పెట్టుటకు ముందు టైరు లోపలివైపు గుడ్డతో తడవి చూడవలెను. తుమ్మముల్లు అందే యున్నచో పది గజములలో రెండవ చిల్లు పడును. మన నల్లసైకిళ్ల వాల్వునకు చిన్న రబ్బరు గొట్టముండును. అది చీలినచో ట్యూబు బాగుగనున్నను గాలి నిలువదు. అట్టి గొట్టములు నాలుగు తెచ్చితిమి. నాలుగును కలిసి నల్లపూసలంత బరువు లేవు. గాలి గట్టిగ నింపవలెను. ఎంతవరకు నింపవచ్చునో టైరు ప్రక్కననే ముద్రించియుందురు.

భోజన విషయమున మన వంటిండ్లకు ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ఆకలి వేయకముందే తినవలెను, గంటకొకసారి కొంచెము. నువ్వులుండలు, అరటిపండ్లు, రెండవ పూటకు పులిహోర. అది నిలువయుండును, ఉప్పును చేరును. ఎండ హెచ్చినచో లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలుపవలెను. విరేచనములకు పిల్లలకిచ్చునది ఇదియే. గాలిని గూర్చి మాత్రము రెండు మాటలు. మార్గశిరమున ఈశాన్యపు గాలి వీచును. డెల్టాలో మధ్యాహ్నము దాటిన పిదప సముద్రపుగాలి తూర్పునుండి లేచును. తూర్పునకు పోవు మొదటి దినమున పన్నెండులోపుగ దిగవలెను. కాకినాడ వైపు పోవు రెండవ దినమున గాలి ముఖమునకే కొట్టును. అలసియుండు మూడవ దినమున సామర్లకోటనుండి పడమటికి రాగా గాలి వీపున నుండును. మార్గమును ఇట్లు త్రిప్పుమని చెప్పినవారు మా వారే. పటము పూర్తిగ వ్యర్థము కాలేదు.

ఇంతలో కార్తికమాసము వచ్చినది. ప్రతియేటను ఆ నెలలో పంచారామములను ఒకే దినమున చూపు ప్రత్యేకపు బస్సులు నడుచును. అమరావతి, భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము, సామర్లకోట. అత్తగారు ఎన్నియో యేండ్లుగ "నాకెందుకే, ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటాను" అనుచుండిరి. ఆ యేడు ఒక సోమవారమునకు టిక్కెట్టు కొనిపించుకొనిరి. ముందటి రాత్రి మా నోటుపుస్తకము నడిగి, ద్రాక్షారామము, సామర్లకోటల పుటలను మనుమనిచేత పెద్ద అక్షరములతో కాగితముపై వ్రాయించుకొనిరి. తెల్లవారుజామున బయలుదేరునప్పుడు ఆమె చేసంచిలో నీళ్లసీసా యున్నది. రాత్రి తిరిగివచ్చి, కాళ్లు కడుగుకొని, పుస్తకము తెమ్మనిరి. "ఒకచోట నువ్వు గడియ ఉందని రాశావు. ఇప్పుడు లేదు. కొంగు ముడేసి పట్టుకున్నాను. దిద్దు" అనిరి. మా జాబితాలో లేని చోట్లు రెండు చెప్పి అవియును వ్రాయించిరి. సీసా ఖాళీగ నుండెను.

మార్గశిర బహుళమున, ఆరు గంటలకు, ముందు దీపములు, వెనుక ఎఱ్ఱ అద్దములు పెట్టుకొని బయలుదేరితిమి. కడియము వరకు మంచు. బంతిపూల గంపలు మోయు బండ్లు మంచులోనుండి వచ్చి మంచులోనే కలిసిపోయినవి. ద్వారపూడి యొద్ద ఎండ పొడిచినది. మండపేట దాటిన తరువాతి పల్లెలో ఆ టీ త్రాగితిమి. ఆమె మమ్ములను పది నిమిషములు కాదు, అరగంట నిలిపినది. పన్నెండు కాకముందే సప్తగోదావరి గుండమున కాళ్లు ముంచితిమి. భీమేశ్వరాలయము రెండంతస్తులది, క్రింద లింగపు పాదమును, పైన శిరస్సును చూడవలెను. చాళుక్య భీముని పేరు, శ్రీనాథుని భీమేశ్వర పురాణము చిన్ననాటినుండి విన్నవారము. స్తంభములమీది శాసనములు మావంటివారికి చదువ రానివి. వానిలో ననేకము అఖండదీపములకు చేసిన దానములనియు, దాతలలో స్త్రీలును గలరనియు చదివియుంటిమి. వారేయే యూళ్లనుండి యెట్లు వచ్చిరో, దారిలో నెచ్చట దిగిరో మాకు తెలిసికొనవలెననిపించినది.

రెండవ దినమున కాకినాడ దారిలో ఎదురుగాలి మమ్ములను బాగుగ పరీక్షించినది. తోడికోడలి చక్రమునకు ముల్లు గ్రుచ్చుకొన్నది. దారిని పోవు ఇద్దరు మగవారు ఆగి సాయము చేసెదమనిరి. "ఇరవై నిమిషాలు ఆగండి, చూస్తూ ఉండండి" అని ఆమె వారినే కూర్చుండబెట్టి అతికించినది. సొల్యూషను ఆరువరకు ఆగినది. మూడవ దినమున వెనుకగాలి. బిక్కవోలులో చాళుక్యులనాటి గుళ్లయొద్ద దిగి గణపతికి దండము పెట్టుకొని, మధ్యాహ్నము రెండు గంటలకు ఇంటి గడప యెదుట స్టాండు వేసితిమి. ఆ దినమంతయు పుస్తకము తెరచినది రెండు పర్యాయములు మాత్రమే.

ఆ పుస్తకమునకు ఇప్పుడు నాలుగు ప్రతులున్నవి. ఒకటి వదినగారి ద్వారా ఆశా కార్యకర్తలలో తిరుగుచున్నది. ఒకటి పిల్లది కళాశాలకు కొనిపోయినది. ఒకటి మాయొద్ద నున్నది. నాల్గవదానిని అత్తగారు దేవుని గూటిలో పెట్టుకొనిరి. పాలకొల్లు, భీమవరముల దారి ఇంకను అందులో చేరలేదు. మాఘమాసమున రెండు ఆదివారములు ఆ దిక్కునకు పోవలసియున్నది. ఆ యూళ్ల సోదరీమణులు తమకు తెలిసిన చోట్లను, గడియ ఉన్నదో లేదో సహితముగ, ఈ పత్రికకు వ్రాసి పంపినచో మా శ్రమ కొంత తగ్గును.